తాబేలు వయసు, చందా గడువు

సముద్ర సంరక్షణ సంస్థలు సభ్యత్వం పేరిట దాతల నుంచి ఏటేటా సేకరించే సొమ్ము దేనికి ఖర్చవుతుందన్న ప్రశ్నకు వాటి కరపత్రాల్లో దొరికే జవాబు ఎప్పుడూ సగమే. చందా కట్టినవారికి ఒక కార్డు, అప్పుడప్పుడు ఒక వార్తాపత్రిక, కొన్నిచోట్ల ఒక తాబేలునో తిమింగలాన్నో దత్తత తీసుకున్నట్టు ధ్రువపత్రం అందుతాయి; ఆ పత్రం మీద బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది, దాత పేరు అందంగా అచ్చయి ఉంటుంది. ఆ చందాలన్నీ కలిసి మోసే బరువు మాత్రం బొమ్మకెక్కేది కాదు. రాత్రివేళ ఇసుకలో మైళ్లకొద్దీ నడిచి లెక్క రాసుకునే మనిషి జీతం, ఆ లెక్కను నిరుటి లెక్క పక్కన చేర్చి భద్రపరచే శ్రద్ధ, ఈ పని ఏ ఏడూ తెగిపోకుండా ముప్ఫై నలభై ఏళ్లు సాగడం: సభ్యత్వ పథకం పోషించేది ముఖ్యంగా ఈ కొనసాగింపునే. మూడేళ్లకో పథకం చొప్పున నడిచే ప్రభుత్వ నిధులకూ, ఫలితం చూపమని తొందరపెట్టే పెద్ద దాతృత్వ సంస్థలకూ ఇది ఎందుకు చేతకాదో గ్రహించాలంటే ముందు తాబేలు జీవితకాలం తెలియాలి.

సముద్రపు గడ్డి మేసి బతికే పచ్చ తాబేలుకు ఆ పేరు పైచిప్ప రంగును బట్టి కాక లోపలి కొవ్వు రంగును బట్టి వచ్చింది. దానికి ఈడు రావడానికి పాతిక ముప్ఫై ఏళ్లు, కొన్ని సముద్రాల్లో అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈడుకొచ్చిన ఆడ తాబేలు రెండు మూడేళ్లకోసారి తాను పుట్టిన తీరప్రాంతానికే తిరిగి వచ్చి, ఒక్కో విడతకు నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, వెనుదిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. కనుక ఒక తీరంలో ఈ ఏడు గుడ్ల దొంగతనాన్ని పూర్తిగా ఆపగలిగినా ఆ ఆపడం వల్ల తల్లి తాబేళ్ల సంఖ్య పెరిగిందా లేదా అన్నది తెలిసేది ఒక తరం గడిచాకే. ఇటువంటి జీవిని మూడేళ్ల పథకంతో కాపాడబోవడం, టెంక నాటినవాడు మరుసటి వేసవికి మామిడిపళ్ల బుట్ట సిద్ధం చేసుకోవడం వంటిది.

ఈ సంగతి తేటగా కనిపించే చోటు కోస్టారికా దేశపు కరీబియన్ తీరంలోని టోర్టుగేరో. సుమారు 35 కిలోమీటర్ల పొడవున్న ఆ నల్ల ఇసుక తీరం పశ్చిమార్ధగోళంలో పచ్చ తాబేళ్లు అత్యధికంగా గుడ్లు పెట్టే చోటు. ఇరవయ్యో శతాబ్దపు నడిమి దాకా అక్కడ వేట పద్ధతి ఎంతో సులువైనది. తీరాన్ని మైలు చొప్పున వాటాలు వేసుకున్న కాపలాదారులు, స్పానిష్‌లో వెలాడోర్లు, రాత్రి ఒడ్డుకెక్కిన తాబేళ్లను వెల్లకిలా తిప్పి వదిలేసేవారు. తిరగబడిన తాబేలు తనంతట తాను లేవలేదు కాబట్టి తెల్లవారాక ఓడ వచ్చి ఎక్కించుకునేదాకా అలాగే పడి ఉండేది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యుడైన ఆర్చీ కార్ ఈ తీరాన్నీ, కరీబియన్‌లో తాబేళ్లు తరిగిపోతున్న తీరునూ వర్ణిస్తూ 1956లో ‘ది విండ్‌వర్డ్ రోడ్’ అనే పుస్తకం ప్రచురించాడు. ప్రచురణ రంగానికి చెందిన జోషువా పవర్స్ దాన్ని చదివి, ప్రతులు కొని మిత్రులకు పంచగా, ఆ మిత్రబృందమే ‘బ్రదర్‌హుడ్ ఆఫ్ ది గ్రీన్ టర్టిల్’ అనే సగం వేళాకోళపు, సగం గంభీరమైన సంఘంగా ఏర్పడింది. విన్‌స్టన్ చర్చిల్‌కు రోజూ రాత్రి ఒక కప్పు తాబేలు సూపుకు లోటు రాకుండా చూడటం కూడా దాని ఆశయాల్లో ఒకటని సభ్యులు పరిహాసంగా ప్రకటించుకున్నారు. ఈ హాస్యం వెనుక ఆ కాలపు ఆలోచన కూడా దాగి ఉంది: తాబేలును కాపాడాలన్న తొలితరంలో చాలామందికి అది ఆరాధ్య ప్రాణి కాదు, ఉష్ణమండల ప్రజలకు మాంసాహారం, ఆ ఆహారం అడుగంటకూడదన్నదే వారి చింత. తరవాతి కాలంలో తాబేళ్లను వ్యాపారం కోసం పెంచే క్షేత్రాలను కార్ వ్యతిరేకించాడు. అంటే సభ్యత్వానికి ఆధారమైన భావమే సభ్యుల కళ్లెదుట మారిపోయింది, చందా మాత్రం ఆగలేదు.

ఆ సంఘం 1959లో ‘కరీబియన్ కన్సర్వేషన్ కార్పొరేషన్’గా నమోదైంది, 2010లో ‘సీ టర్టిల్ కన్సర్వెన్సీ’ అని పేరు మార్చుకుంది. చిన్నచిన్న చందాలతోనే కొండ కదిలిందని చెప్పుకోవడం ఇటువంటి సంస్థలకు ఇష్టం గానీ, చరిత్ర అంత సరళంగా లేదు. తొలి అధ్యక్షుడు జాన్ ఫిప్స్ సంపన్న కుటుంబీకుడు. టోర్టుగేరోలోని పరిశోధన కేంద్రం నేటికీ ఆయన పేరు మీదే ఉంది. భవనం ధనికుడు కట్టిస్తాడు, దానికి గుర్తుగా పేరు చెక్కించుకుంటాడు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ భవనంలో అరవై ఏళ్ల తరవాత కూడా దీపం వెలగడానికయ్యే ఖర్చు మీద పేరు చెక్కించుకోవడానికి ఎవరూ ముందుకు రారు. నిధుల సేకరణ పరిభాషలో మొదటిది నిర్దిష్ట విరాళం, అంటే ఫలానా పనికే వాడాలన్న షరతుతో వచ్చేది; రెండోదానికి కావలసింది షరతులు లేని నిధి. సభ్యత్వ చందాల్లో హెచ్చుభాగం ఈ రెండో కోవకు చెందుతుంది. ఒక్కో సభ్యుడు ఇచ్చేది స్వల్పం కావడం వల్లే దాని మీద షరతు పెట్టే అధికారం అతనికి ఉండదు, ఆ అధికారం లేకపోవడమే సంస్థకు మేలు చేస్తుంది.

ఆ షరతులు లేని సొమ్ము దేనిగా మారుతుందో దగ్గరగా చూడదగినది. 1955 నుంచి కార్ తాబేళ్లకు గుర్తుబిళ్లలు తగిలించడం మొదలుపెట్టాడు. మొదట పైచిప్ప అంచుకు రంధ్రం చేసి తీగతో బిళ్ల కట్టి చూశారు. తీరానికి దగ్గరలో జతకట్టే వేళ మగ తాబేలు రాపిడికి అవి ఊడిపోయేవి. చివరికి పశువుల చెవులకు వేసే లోహపు బిళ్లను తెచ్చి ముందు రెక్క వెనుక అంచున బిగిస్తే నిలిచింది. బిళ్ల మీద ఒక సంఖ్య, విశ్వవిద్యాలయం చిరునామా, తిరిగి పంపినవారికి బహుమతి ఉంటుందని ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రెండు ముక్కలు. బహుమతి అయిదు డాలర్లు. బిళ్లలు తిరిగి పంపింది పరిశోధకులు కారు, తాబేళ్లను పట్టి తినేవారు, అమ్ముకునేవారు. ‘రివార్డ్’, దాని స్పానిష్ రూపం ‘ప్రేమియో’ రెండూ కలిపి ఒక పెద్దమనిషి పేరనుకుని అయ్యా రివార్డ్ ప్రేమియోగారూ అంటూ ఉత్తరాలు రాసినవారూ ఉన్నారు. ఆ ఉత్తరాల్లో పెద్ద వాటా నికరాగ్వాలోని మిస్కిటో తీరం నుంచి వచ్చేది. టోర్టుగేరోలో గుడ్లు పెట్టే తాబేళ్లు మిగతా కాలమంతా మేసేది ముఖ్యంగా అక్కడి గడ్డి మేతల్లోనేనన్న విషయం, అంటే కోస్టారికా కాపాడిన తాబేలును నికరాగ్వా తినవచ్చునన్న విషయం, లోకానికి తెలిసింది ఈ ఉత్తరాల వల్లే. ఎక్కడో ఫ్లోరిడాలో ఒకరు కట్టిన చందా మిస్కిటో జాలరికి అయిదు డాలర్లుగా చేరి, జాలరి తిరిగి ఇచ్చిన వార్త శాస్త్రంగా మారడం ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన లావాదేవీ అయినా, దాన్ని ఏ సభ్యత్వ పత్రం మీదా అచ్చు వేయలేదు.

ఓపికలేని పని ఎలా ఉంటుందో కూడా అదే సంస్థ చరిత్ర చూపిస్తుంది. అరవయ్యో దశకంలో ‘ఆపరేషన్ గ్రీన్ టర్టిల్’ పేరిట అమెరికా నౌకాదళ విమానాల్లో లక్షకు పైగా గుడ్లను, పిల్లలను కరీబియన్ అంతటా పలు తీరాలకు చేరవేసి, తాబేళ్లు మాయమైన చోట్ల మళ్లీ సంతానం నెలకొల్పాలని చూశారు. నౌకాదళం, విమానాలు, ఇసుక మీద పరుగులు తీసే వేల పిల్లలు: దాతల ఉత్సాహాన్ని రేపడానికి ఇంతకు మించిన దృశ్యం ఉండదు. ఆ ప్రయత్నంతో కొత్త గుడ్ల తీరాలు ఏర్పడ్డాయనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. అదే కాలంలో ఎవరి కళ్లనూ ఆకర్షించకుండా సాగిన పని, టోర్టుగేరో ఉత్తర భాగంలో మైలును ఎనిమిది భాగాలు చేస్తూ పాతిన గుంజల వెంట ఏ రాత్రి ఏ గుంజ దగ్గర ఏ తాబేలు ఎక్కిందో రాసుకోవడం. కోస్టారికా ప్రభుత్వం 1970లో అక్కడ జాతీయోద్యానాన్ని ప్రకటించి 1975లో దానికి చట్టబద్ధత కల్పించేటప్పటికి ఆ నోటు పుస్తకాలు పేరుకుని ఉన్నాయి. 1971 నుంచి 2003 వరకు అక్కడ గూళ్ల సంఖ్య 417 శాతం పెరిగినట్టు 2005లో వెలువడిన అంచనాకు ఆ లెక్కలే పునాది. 1987లో మరణించిన కార్, తాను ఆ తీరంలో పని మొదలుపెట్టిన తొలి ఏళ్లలో పుట్టిన తాబేలు పిల్లలు తల్లులై వచ్చే కాలం మొదలవుతుండగా వెళ్లిపోయాడు.

దత్తత అన్న మాట ఇక్కడ కొంత తికమక పెడుతుంది. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనో విశాఖ జంతు ప్రదర్శనశాలలోనో ఒక పులినో పక్షినో దత్తత తీసుకునే పద్ధతి తెలుగువారికి పరిచితమే. అక్కడ దాత ఇచ్చే సొమ్ము ఆ జంతువు మేతకు పోతుంది, కావాలనుకుంటే ఆదివారం వెళ్లి చూసి రావచ్చు. సముద్రపు తాబేలును దత్తత తీసుకున్నవారి సొమ్ములో దమ్మిడీ కూడా ఆ తాబేలు నోట్లోకి పోదు, అది పోషణ కోరే ప్రాణి కాదు. ఉపగ్రహ సంకేతాలు పంపే పరికరాన్ని దాని చిప్పకు అతికించి, అది ఎక్కడ ఈదుతోందో పటంలో చూపించే వీలు ఈ కాలంలో కలిగింది కాబట్టి దాతకు కొంత సాన్నిహిత్యం దక్కుతోంది. కొన్నాళ్లకు పరికరం ఊడిపోతుంది, పటం మీద గీత ఆగిపోతుంది. ఆగిన గీత తాబేలు మరణానికి గుర్తు కాదని నచ్చజెప్పడం కూడా ఈ సంస్థల ఉద్యోగాల్లో ఒక భాగమై ఉండాలి.

ముఖం ఉన్న ప్రాణికే విరాళం దొరుకుతుందన్నది ఈ పథకాలపై తరచుగా వినిపించే ఆక్షేపణ. జనాన్ని ఆకట్టుకుని తక్కిన వాటికి కూడా రక్షణ తెచ్చిపెట్టే జంతువులను జీవశాస్త్రజ్ఞులు పతాక జాతులంటారు. తాబేలు, తిమింగలం, డాల్ఫిన్ ఆ కోవలోవి, సముద్ర దోసకాయకూ పురుగుకూ ఆ భాగ్యం లేదు. ఆక్షేపణలో నిజముంది, అయితే అది చివరి మాట కానక్కరలేదు. 1984లో కాలిఫోర్నియాలో తెరిచిన మాంటెరే బే అక్వేరియం సందర్శకుల రుసుములతో, సభ్యత్వాలతో, దాతల విరాళాలతో నడిచే లాభాపేక్ష లేని సంస్థ. అక్కడివారు తల్లిని పోగొట్టుకున్న సముద్రపు నీటిపిల్లి కూనలను, తొట్టెల్లో ఉండే పెద్ద ఆడ నీటిపిల్లుల చేత పెంపించి సమీపంలోని ఎల్క్‌హార్న్ స్లూ అనే ఉప్పుటేరులో వదిలారు. నీటిపిల్లులు పీతలను తిన్నాయి. పీతలు తగ్గడంతో అవి తినే చిన్న సముద్రపు నత్తజాతి జీవులు పెరిగాయి. ఆ జీవులు గడ్డి ఆకుల మీద పేరుకున్న నాచును గీకి తినగా, పొలాల ఎరువు కలిసిన నీటిలో ఊపిరాడక నశిస్తున్న సముద్రపు గడ్డి మళ్లీ ఒత్తుగా లేచింది. బొమ్మ మీద ముద్దొచ్చే కూన ఉండటం వల్ల నత్తకీ గడ్డికీ కూడా జమ అయిందన్నమాట. గడ్డి పేరిట ఏ సంస్థా అంత చందా పోగుచేయగలిగేది కాదు.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ వేరొకటి ఉంది, దానికి అంత తేలికైన జవాబు లేదు. సభ్యుల సంఖ్య డబ్బునే కాదు, బలాన్ని కూడా ఇస్తుంది. న్యాయస్థానానికి వెళ్లే బలం, చట్టసభ సభ్యులను కదిలించే బలం. ఆ బలం తీరానికి దూరంగా ఉన్నవారిది, దాని ఫలితం మాత్రం తీరంలో ఉన్నవారి మీద పడుతుంది. రొయ్యల కోసం అడుగున లాగే ట్రాలు వలల్లో చిక్కి ఊపిరందక చచ్చే తాబేళ్లను కాపాడటానికి టెడ్ అనే సాధనం ఉంది: వల గొంతులో ఏటవాలుగా బిగించిన లోహపు చట్రం, దాని కడ్డీల సందుల్లోంచి రొయ్యలు వెనకనున్న సంచిలోకి జారిపోతాయి, పెద్దదైన తాబేలు చట్రాన్ని తాకి పైనో కిందో ఉన్న వాకిలి గుండా బయటపడుతుంది. దీని మూలరూపాన్ని తయారుచేసినవాడు జార్జియా రాష్ట్రంలోని సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు, అదీ తాబేళ్ల కోసం కాదు, వలను నింపేసే జెల్లీ చేపల బెడద తప్పించుకోవడానికి. ఈ సాధనం వాడని దేశాల నుంచి రొయ్యల దిగుమతిని ఆపాలని 1989లో అమెరికా చట్టం చేసింది; ఆ చట్టాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేయాలని ఎర్త్ ఐలండ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంరక్షణ సంస్థ దావా వేసి నెగ్గగా, 1996 నుంచి ఆ నిషేధం భారతదేశాన్ని కూడా తాకింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు ఫిర్యాదు చేశాయి. 1998లో వచ్చిన తుది తీర్పు రెండు వైపులా కోసే కత్తి: తాబేలును కాపాడాలన్న చట్టాశయం సమ్మతమే, కానీ దాన్ని అమలు చేసిన తీరు దేశాల మధ్య అన్యాయమైన వివక్ష.

ఈ వ్యాజ్యం తెలుగు తీరానికి పరాయిది కాదు. 2019లో మళ్లీ అమలులోకి వచ్చిన అమెరికా నిషేధం సముద్రంలో పట్టిన రొయ్యకు మాత్రమే వర్తిస్తుంది, చెరువుల్లో పెంచిన రొయ్యకు కాదు. ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఎగుమతిలో సింహభాగం గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో పెరిగే వెనామీ రకం రొయ్యది కాబట్టి చెరువుల యజమానులకు పెద్దగా సెగ తగల్లేదు. తగిలింది విశాఖలోనో కాకినాడలోనో మరపడవ మీద బతికేవారికి. చట్రం వాకిలి గుండా తాబేలుతో పాటు కొంత వేట కూడా జారిపోతుందన్నది వారి ఫిర్యాదు. అందులో అతిశయోక్తి ఎంత ఉన్నా, పోయే ఆ కొంత ఎవరి ఖాతాలోంచి పోతుందో మాత్రం స్పష్టమే. దూరాన చందా కట్టిన దాత స్వచ్ఛందంగా ఇచ్చాడు, రసీదు తీసుకున్నాడు, బహుశా పన్ను మినహాయింపు కూడా పొందాడు. పడవ మీది కలాసీ ఇచ్చినది ఎవరూ అడగకుండా తీసుకున్నది. సంరక్షణ ఖర్చుల పట్టికలో ఈ రెండో వరుస ఎక్కడా కనిపించకపోవడం సభ్యత్వ పద్ధతిలోని పెద్ద లోపం. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ భారతీయ వలలకు తగినట్టు వేట నష్టం తగ్గేలా టెడ్‌ను రూపొందించింది. ఆ చట్రాల ఖరీదు, మొదటి కొన్ని నెలల్లో పోయే వేట ఖరీదు భరించడానికి విదేశీ దాతల సంఘాలు ముందుకొచ్చి ఉంటే వ్యాజ్యం నడిచిన దారి వేరుగా ఉండేదని అనుకోవడం అత్యాశ కాదు.

ఆంధ్ర తీరంలో గుడ్లు పెట్టేది ఎక్కువగా ఆలివ్ రిడ్లీ అనే చిన్న తాబేలు. జనవరి నుంచి మార్చి దాకా శ్రీకాకుళం మొదలు దక్షిణంగా పలుచోట్ల అది ఒడ్డుకొస్తుంది, అటవీశాఖ ఇసుకలో కంచెవేసి గుడ్లు పొదిగే కేంద్రాలు నడుపుతుంది, రాత్రి కాపలాకు ఊరి మత్స్యకార యువకులనే పెడుతుంది. చెన్నైలో 2002లో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ తమిళనాడుతో పాటు ఆంధ్ర, ఒడిశా తీరాల్లోనూ మత్స్యకార యువకులకు శిక్షణ, వేతనం ఇచ్చి ఈ పని చేయిస్తోంది. అదే నగరంలో 1988 నుంచి విద్యార్థులు నడిపే తాబేళ్ల సంరక్షణ బృందం ధనం బదులు కాళ్లనే చందాగా అడుగుతుంది, ఎవరైనా సరే రాత్రి వారి వెంట తీరం పొడుగునా నడవవచ్చు. ఏటా చందా కట్టే సభ్యుల పునాది మీద నిలిచిన పెద్ద సముద్ర సంస్థ మాత్రం భారతదేశంలో ఇంకా బలంగా ఎదగలేదు. ఆదాయపు పన్ను చట్టం కింద దాతకు మినహాయింపు దొరకకపోలేదు, లోపం అక్కడ లేదు; భారతీయ దాత గుడికి ఇస్తాడు, అన్నదానానికి ఇస్తాడు, బడికి ఇస్తాడు, అంటే ఇచ్చిన చోటికి వెళ్లి చూడగల పనికి ఇస్తాడు. విదేశాల్లో స్థిరపడి ఆ దేశ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు తమ ఊరి తీరానికి పంపాలనుకుంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అడ్డువస్తుంది: పుచ్చుకునే సంస్థకు ఆ చట్టం కింద నమోదు ఉండాలి, 2020 సవరణ తరవాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో జమ కావాలి. భీమిలి తీరాన నాలుగు గూళ్లకు కంచె వేసే చిన్న బృందానికి ఇది మోయలేని కాగితాల బరువు.

చందాదారుల అసలు పరీక్ష చెడ్డ వార్త వచ్చిన ఏడాది. 417 శాతం పెరుగుదల వార్త రాయడం ఎవరికైనా ఇంపే. అదే టోర్టుగేరోలో గూళ్ల సంఖ్య గత దశాబ్దంలో తగ్గుముఖం పట్టిందని సీ టర్టిల్ కన్సర్వెన్సీకి చెందిన పరిశోధకులే 2023లో ప్రకటించారు. ఒడ్డున తల్లి తాబేళ్లను చంపే జాగ్వార్లు, దొంగచాటు వేట, మిస్కిటో తీరంలో స్థానిక జనుల హక్కుగా సాగుతున్న తాబేళ్ల వేట, వీటిలో దేని పాలు ఎంతో విడదీయడం కష్టం. ఇరవై ముప్ఫై ఏళ్ల కిందట పొదగని గుడ్ల పాపం ఇప్పుడు బయటపడుతుండవచ్చు కూడా. తగ్గుదల కనిపించిందంటేనే లెక్క తెగకుండా సాగిందని, తమ సొమ్ము పని చేసిందని గ్రహించే సభ్యుడు తాబేలుకు ఎంతో అవసరమైనవాడు. దత్తత బొమ్మ చూసి చేరినవాడికి ఆ తగ్గుదల వార్త చదివాక పునరుద్ధరణ ఫారం నింపబుద్ధి కాకపోవచ్చు. ఈ ఏడు టోర్టుగేరో ఇసుకలోంచి వచ్చే పిల్లల్లో బతికినవి గుడ్లు పెట్టడానికి తిరిగి వచ్చేసరికి 2050 దాటుతుంది. అప్పుడు గుంజల వెంట నడిచేవారికి జీతమివ్వవలసిన సభ్యుల్లో చాలామంది ఇప్పుడు బడిపిల్లలు, వారిలో కొందరు మిస్కిటో జాలరుల పిల్లలు, విశాఖ కలాసీల పిల్లలు ఎందుకు కాకూడదన్న ప్రశ్నను ఏ సంస్థ సభ్యత్వ విభాగమూ ఇంకా గట్టిగా అడగలేదు.